మూడు కిలోవాట్లు ఎందుకు, రెండు చాలవా?

ప్రశ్న: మాది కాకినాడ. సొంత ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్ మీద ఒక అంతస్తు. మావారు రిటైరై ఏడాదైంది. రెండు ఏసీలు, ఫ్రిజ్, మోటారు, గీజరు ఉన్నాయి. మార్చి నుంచి జూన్ వరకు నెలకు 420 యూనిట్ల దాకా కాలుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా 280, చలికాలంలో 170. హైదరాబాద్‌లో ఉంటున్న మా అబ్బాయి సోలార్ పెట్టించుకోమని రోజూ పోరు పెడుతున్నాడు. ఇంటికొచ్చిన ఏజెంటు రెండు కొటేషన్లు ఇచ్చాడు. 3 కిలోవాట్లు ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా వీధి లైనుకు కలిపేది) అయితే లక్షా 95 వేలు, బ్యాటరీతో కలిపి 5 కిలోవాట్ల హైబ్రిడ్ అయితే 4 లక్షల 40 వేలు. 'ఐదు పెట్టించుకుంటే జీవితాంతం బిల్లు జీరో, కరెంటు పోదు' అంటున్నాడు. మావారేమో 'ఆ డబ్బు బ్యాంకులో వేసుకుంటే పోయేదానికి ఈ టెన్షన్ ఎందుకు' అంటారు. తుపాను వస్తే ప్యానెళ్లు ఎగిరిపోవా అన్నది మా అత్తగారి భయం. డాబా మీద వడియాలు పెట్టుకునే చోటు పోతుందని కూడా ఆవిడ బాధ. మీటరు ఇంకా కాలం చేసిన మా మామగారి పేరు మీదే ఉంది. ఏం చేయమంటారు? – లక్ష్మి, కాకినాడ

జవాబు: లక్ష్మిగారూ, మీరు పంపిన కొటేషన్లు రెండూ చూశాను. రెండూ వద్దు. 2 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్‌కు కొటేషన్ అడగండి. ఆ ఏజెంటు మీకు అది చూపించనే లేదు.

ఇలా ఎందుకంటున్నానో మీ బిల్లులతోనే చెప్తాను. సోలార్ గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ప్యానెల్ ఎన్ని యూనిట్లు ఇస్తుందనే చెప్తారు. ఆ యూనిట్లు మీ బిల్లులో ఏ స్లాబు (ధర మెట్టు) నుంచి తగ్గుతాయో చెప్పరు. డబ్బంతా ఉన్నది అక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు నాలుగున్నర, 225 వరకు 6, 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. అంటే మీరు మేలో కాల్చే 420వ యూనిట్ ఖరీదు మొదటి యూనిట్‌కు ఐదు రెట్లు. సోలార్ యూనిట్లు ముందు పై మెట్టు నుంచి కోస్తూ కిందికి వస్తాయి. కాబట్టి మొదట పెట్టించే కిలోవాటు మీ ఖరీదైన యూనిట్లను తీసేస్తుంది. చివర్లో పెట్టించేది 1.90, 3 రూపాయల యూనిట్లను తీసేస్తుంది. ప్యానెల్ ఖరీదు మాత్రం రెండింటికీ ఒకటే.

మీ వాడకం ప్రకారం ఏడాదికి 3,480 యూనిట్లు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు పక్కన పెడితే, ఒక్క కరెంటు ఖరీదే వేసవి నెలల్లో 2,743 రూపాయల చొప్పున, వర్షాకాలంలో 1,498 చొప్పున, చలికాలంలో 687 చొప్పున పడుతుంది. ఏడాది మొత్తం 19,700 పైచిలుకు.

మన తీరంలో ఒక కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల లోపు ఇస్తాయి. 2 కిలోవాట్లకు ఎండాకాలంలో నెలకు 260, వానల్లో 200, చలికాలంలో 230 అనుకుందాం. అప్పుడు మీ వేసవి మీటరులో మిగిలేది 160 యూనిట్లు, బిల్లు 627 రూపాయలు. వర్షాకాలంలో మిగిలేది 80 యూనిట్లు, 215 రూపాయలు. చలికాలంలో మీకే మిగులు. ఏడాదికి కట్టేది దాదాపు 3,370. ఆదా 16,300.

ఇప్పుడు 3 కిలోవాట్లు చూడండి. వేసవిలో మిగిలేది 30 యూనిట్లు, 57 రూపాయలు. మిగతా నెలలన్నీ మిగులే. ఆదా 19,500.

అంటే మూడో కిలోవాటు మీకు ఏడాదికి తెచ్చిపెట్టేది 3,100 రూపాయలు. దానికి మీరు అదనంగా పెట్టేదెంత? కేంద్రం పీఎం సూర్యఘర్ కింద ఇచ్చే సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు దాటదు. 2 కిలోవాట్లు బయట లక్షా 30 వేలకు అటూ ఇటూగా వస్తాయి. సబ్సిడీ 60 వేలు పోతే మీ చేతి డబ్బు 70 వేలు. మీ కొటేషన్‌లోని 3 కిలోవాట్లకు 78 వేలు పోతే లక్షా 17 వేలు. తేడా 47 వేలు. ఏడాదికి 3,100 చొప్పున ఆ తేడా తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. మొదటి రెండు కిలోవాట్ల డబ్బేమో నాలుగేళ్ల పైచిలుకులో వచ్చేస్తుంది.

రెండూ కలిపి 'మూడు కిలోవాట్లకు ఆరేళ్లలో డబ్బు తిరిగొస్తుంది' అని ఏజెంటు చెప్తే అది అబద్ధం కాదు. మంచి బేరాన్నీ చెడ్డ బేరాన్నీ ఒకే మూటలో కట్టి అమ్ముతున్నాడంతే.

మిగులు యూనిట్లు అమ్ముకోవచ్చు కదా అని మీవారు అడగవచ్చు. నెట్ మీటరింగ్‌లో (లైనుకు ఇచ్చిన యూనిట్లను వాడినవాటిలోంచి తీసేసి లెక్కించే పద్ధతిలో) ఒక నెల మిగులు తర్వాతి బిల్లుకు వెళ్తుంది, అంతవరకు బాగుంది. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పెట్టిన గడువు దాకా వాడుకోకుండా మిగిలిపోయినవాటికి అది కట్టే ధర మాత్రం మీ పై స్లాబు ధరకు ఎక్కడా సరితూగదు. కరెంటు అమ్ముకుని సంపాదించడానికి డాబా మీద ప్యానెళ్లు పెట్టించకండి, బిల్లులో పై మెట్లు కోయడానికి పెట్టించండి. ఆ గడువు ఏ నెలతో ముగుస్తుందో మీ సెక్షన్ ఆఫీసులో అడిగి రాసుకోండి. చలికాలపు మిగులు మార్చి ఏప్రిల్ దాకా నిలిస్తే మీకు ఇంకాస్త లాభం. నా లెక్కలో దాన్ని వేయలేదు.

3 కిలోవాట్లు ఎప్పుడు సరైనవంటే, వాడకం పెరగబోతోందని మీకు ఖాయంగా తెలిస్తే. ఎలక్ట్రిక్ స్కూటరు కొనబోతున్నారా? గ్యాస్ మానేసి ఇండక్షన్ మీద వండబోతున్నారా? అబ్బాయి కుటుంబం ఇంటి నుంచే పని చేస్తానంటూ వచ్చి పైన మూడో ఏసీ పెట్టించబోతోందా? వీటిలో ఏ ఒక్కటి రెండేళ్లలోపు జరిగేలా ఉన్నా మూడుకే వెళ్లండి. అప్పుడు ఆ మూడో కిలోవాటు కోసేది 6 రూపాయలు, ఎనిమిదీ ముప్పావు యూనిట్లనే అవుతుంది. తర్వాత చూసి ప్యానెళ్లు కలుపుకుందాం అనుకుంటే దరఖాస్తు, తనిఖీ మళ్లీ మొదటికి వస్తాయి. అందుకే ఈ ఒక్క ప్రశ్న మీద ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇక 4 లక్షల 40 వేల కొటేషన్. సబ్సిడీ 78 వేలే, ఎందుకంటే 3 కిలోవాట్లు దాటాక పైసా రాదు. బ్యాటరీకి విడిగా సబ్సిడీ లేదు. మీ చేతి నుంచి పోయేది 3 లక్షల 62 వేలు. ఏడాదికి మీరు కట్టే కరెంటు ఖరీదే 19,700 అయినప్పుడు అంతకు మించి ఆదా ఎక్కడి నుంచి వస్తుంది? పద్దెనిమిదేళ్లకు గానీ డబ్బు తిరిగిరాదు. ఆలోపే బ్యాటరీ మార్చాల్సి వస్తుంది. 5 కిలోవాట్లు ఏడాదికి 6,900 యూనిట్లు ఇస్తాయి, మీ వాడకానికి దాదాపు రెట్టింపు. ఇది మీ ఇంటికి అవసరమైన సైజు కాదు. మీ డాబా ఎంతుందో చూసి వేసిన సైజు.

'కరెంటు పోదు' అన్న మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సోలార్ పెట్టించాక ఎక్కువమంది గొడవ పడేది దీని మీదే. ఆన్‌గ్రిడ్ సోలార్ ఉన్న ఇంట్లో కూడా లైన్ పోతే కరెంటు పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా పోతుంది. లైన్ ఆగిన మరుక్షణం సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తనంతట తానే ఆగిపోయేలా తయారు చేస్తారు. అలా ఆగకపోతే మీ డాబా మీద పుట్టిన కరెంటు వెనక్కి వీధి లైన్లోకి వెళ్తుంది. అక్కడ సప్లై ఆపామనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఇది లోపం కాదు, ఉండాల్సిన జాగ్రత్త.

మీ ఇంట్లో ఫ్యాన్లకూ లైట్లకూ పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే దాన్ని అలాగే ఉంచుకోండి. సోలార్ పెట్టారని దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయమని ఎవరైనా అంటే ఇవ్వకండి. అది తన పని తాను చేస్తుంది, సోలార్ తన పని తాను చేస్తుంది. లేకపోతే, ఫ్యాన్లకూ లైట్లకూ సరిపడే మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ కొనుక్కున్నా హైబ్రిడ్ కంటే ఎన్నో రెట్లు చౌక. రోజుకు గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లో, లేదా ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న రోగి ఇంట్లో బ్యాటరీ ఖర్చుకు అర్థం ఉంటుంది. కాకినాడ టౌన్లో గంటో అరగంటో పోయే కరెంటు కోసం లక్షలు పోయడం నాకు సమంజసంగా కనిపించలేదు.

'బిల్లు జీరో' కూడా కాదు. కాల్చిన యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ వస్తూనే ఉంటాయి. చిన్న మొత్తమే, కానీ మొదటి బిల్లు చూసి మోసపోయామని అనుకోకూడదు కదా.

మీవారి బ్యాంకు వాదనకు వస్తాను. ఆయన మాట తేలిగ్గా తీసేసేది కాదు. 70 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతానికి వేస్తే ఏడాదికి 4,900 వస్తుంది, అసలు అసలుగా ఉంటుంది. సోలార్‌లో ఏడాదికి 16,300 మిగులుతుంది, అసలు మాత్రం ఇనుముగా, గాజుగా మారిపోతుంది. నాలుగున్నరేళ్ల తర్వాత అసలు చేతికి వచ్చేసినట్టే. ఆపైన వచ్చేదంతా మిగులు. అయితే అందులోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. ప్యానెళ్లకు పాతికేళ్ల పనితీరు వారంటీ ఉంటుంది, ఏటా ఉత్పత్తి అర శాతం వరకు తగ్గుతూ పోతుంది. సోలార్ ఇన్వర్టర్ అన్నేళ్లు రాదు, పది పన్నెండేళ్లకు మార్చాల్సి రావచ్చు. ఇప్పటి ధరల్లో దానికో పాతిక, ముప్పై వేలు అనుకోండి. అది కలిపినా 2 కిలోవాట్ల విషయంలో బ్యాంకు ఓడిపోతుంది. 3 కిలోవాట్ల విషయంలో మూడో కిలోవాటు ఒక్కదాన్నీ విడదీసి చూస్తే 47 వేలకు ఏటా 3,100, అంటే ఆరున్నర శాతం, పైగా అసలు వెనక్కి రాదు. అక్కడ మీవారే గెలుస్తారు. ఐదు సంగతి చెప్పనక్కర్లేదు.

డబ్బు ఒక్కసారి తీయడం ఇష్టం లేకపోతే ప్రభుత్వ రంగ బ్యాంకులు 3 కిలోవాట్ల లోపు సోలార్‌కు తాకట్టు లేకుండా, మామూలు పర్సనల్ లోన్‌లో సగం వడ్డీకే అప్పిస్తున్నాయి. జనసమర్థ్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. మీకు చేతిలో డబ్బుంది కాబట్టి నేనైతే అప్పు జోలికి వెళ్లను. ఒక్కటి గుర్తుంచుకోండి, సబ్సిడీ ముందు రాదు. మొత్తం ఖర్చు మీరు పెట్టి, మీటరు బిగించి, డిస్కం తనిఖీ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. 'సబ్సిడీ మేం చూసుకుంటాం, మీరు మిగతాది ఇవ్వండి చాలు' అనే ఏజెంటు దగ్గర ఏం సంతకం పెడుతున్నారో రెండుసార్లు చదవండి.

మీటరు మామగారి పేరు మీద ఉండడం అన్నింటికంటే ముందు తేల్చుకోవాల్సిన పని. దరఖాస్తు, లోను, సబ్సిడీ అన్నీ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల చుట్టూనే తిరుగుతాయి. పోయినవారి పేరు మీద దరఖాస్తు పెడితే సబ్సిడీ పడాల్సిన చోట ఇరుక్కుంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు, మిగతా వారసులుంటే వాళ్ల అంగీకార పత్రం పట్టుకుని ఈపీడీసీఎల్ (మీ ప్రాంత డిస్కం) సెక్షన్ ఆఫీసుకు వెళ్లి ముందు పేరు మార్పించండి. ఆడబడుచులతో సంతకాలు పెట్టించుకోవడానికి పండగ దాకా ఆగాల్సి వస్తే ఆగండి, మునిగిపోయేదేం లేదు. పేరు మారాకే కొటేషన్ మీద సంతకం. ఏజెంటు 'ఈ నెలాఖరుకు స్కీము అయిపోతోంది' అని తొందర పెడతాడు. ఈ పథకం 2024 ఫిబ్రవరిలో 75,021 కోట్లతో, కోటి ఇళ్ల లక్ష్యంతో, 2026-27 దాకా అన్న గడువుతో మొదలైంది. ప్రతి నెలాఖరుకూ అయిపోయేది కాదు.

బీసీ కుటుంబాలైతే కేంద్రం ఇచ్చేదానికి తోడు 2 కిలోవాట్లకు రాష్ట్రం ఇంకో 20 వేలు ఇస్తోంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉచితంగానే పెట్టించే పథకం ఉంది. మీకు వర్తిస్తుందేమో అదే ఆఫీసులో అడగండి.

అత్తగారి తుపాను భయం. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో అందరికంటే సరైన ప్రశ్న అడిగింది ఆవిడే. ఏజెంటు కొటేషన్‌లో స్ట్రక్చర్ (ప్యానెళ్లను నిలబెట్టే చట్రం) గురించి ఉన్నది 'జీఐ స్ట్రక్చర్' అన్న రెండు మాటలే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో మీకు తెలుసు. 2025 అక్టోబరులో మొంథా మీ చుట్టుపక్కలే తీరం దాటింది. ఒక్కో ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, దాదాపు నాలుగు అడుగుల వెడల్పు, ముప్పై కిలోల అటూ ఇటూ బరువు. గాలి కిందినుంచి దూరితే అది తెరచాపే. తీర ఆంధ్రలో కట్టడాలు సెకనుకు 50 మీటర్ల గాలికి, అంటే గంటకు 180 కిలోమీటర్లకు తట్టుకునేలా లెక్క వేయాలని భారతీయ ప్రమాణం చెప్తోంది. మీ స్ట్రక్చర్ ఆ లెక్కకు కట్టిందేనని కాగితం మీద రాయించుకోండి. 'ఏం కాదండీ, మేం బోలెడు పెట్టాం' అన్న నోటిమాట చాలదు.

స్ట్రక్చర్‌కు పైపైన పెయింట్ వేసిన ఇనుము వద్దు, కరిగించిన జింకులో ముంచి తీసిన గాల్వనైజ్డ్ ఇనుమే కావాలి. అక్కడికక్కడ వెల్డింగ్ చేసి పైన వెండి రంగు పూసేస్తుంటారు. ఆ అతుకు దగ్గరే ఉప్పుగాలికి తుప్పు మొదలవుతుంది. అందుకని బోల్టులతో బిగించే స్ట్రక్చర్ అడగండి, బోల్టులు, నట్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. ప్యానెళ్లకు ఉప్పుగాలి పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉందా అని కూడా అడగండి. పేరున్న కంపెనీలకు ఉంటుంది. స్లాబులో రంధ్రాలు వేసి కాళ్లు దింపితే వానాకాలంలో కింద గదిలోకి నీళ్లు కారే ప్రమాదం ఉంది. స్లాబు మీద కాంక్రీటు దిమ్మలు పోసి, వాటిలో కాళ్లు నిలబెట్టడం మేలు. ఇప్పటికే ఎక్కడైనా చెమ్మ కనిపిస్తుంటే ముందు దాని పని చూడండి, ప్యానెళ్లు పెట్టాక కిందికి మేస్త్రీ దూరలేడు.

వడియాల సమస్యకు ఏజెంట్లు చెప్పే జవాబు ఎత్తు స్ట్రక్చర్. ఎనిమిది అడుగుల ఎత్తులో పెడితే కింద తిరగొచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. దానికి ఇనుము ఎక్కువ, ఖర్చు ఎక్కువ, గాలి దెబ్బా ఎక్కువే. పైగా వడియాలు ఎండాలంటే ప్యానెళ్ల నీడ కిందైతే ఎలా ఎండుతాయి? 2 కిలోవాట్లకు నాలుగు ప్యానెళ్లు చాలు, మధ్యలో ఖాళీలతో కలిపి రెండు వందల చదరపు అడుగుల లోపే సర్దుకుంటాయి. పిట్టగోడ ఎత్తు దాటకుండా కింద పెట్టించండి. మిగతా డాబా అంతా అత్తగారిదే. మూడో కిలోవాటు వద్దనడానికి ఆవిడ కారణం కూడా కలిసొచ్చింది.

ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలో ఏజెంటు కొలతలు తీసి చెప్తాడు గానీ నీడ సంగతి మీరే చూసుకోవాలి. ఒక ప్యానెల్ మీద మూల వరకు నీడ పడినా ఆ ప్యానెల్ ఉత్పత్తి బాగా పడిపోతుంది. చూడాల్సింది మే నెలలో కాదు, డిసెంబరులో. డిసెంబరు చివరలో కాకినాడలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. దక్షిణాన పది అడుగుల వాటర్ ట్యాంకు ఉంటే దాని నీడ ఉత్తరానికి ఎనిమిదిన్నర అడుగులు పడుతుంది. పక్కింటి కొబ్బరి చెట్టైతే ఇంకా దూరం. చలికాలంలో ఒక ఆదివారం పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం మూడుకు డాబా ఎక్కి నీడ అంచుల్లో సుద్దముక్కతో గీతలు గీయండి. గీతలు దాటి ఉన్న చోటే మీ ప్యానెళ్ల చోటు. ముఖం దక్షిణానికి, వాలు పది నుంచి పదిహేడు డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది.

ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ అనుకోవడం కూడా సరికాదు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ ఉత్పత్తి మూడో వంతు శాతం వరకు తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీల దాకా కాగుతుంది. అందుకే ఫిబ్రవరి, మార్చి లెక్కలు మే కంటే బాగుంటే కంగారు పడకండి.

మీ కొటేషన్‌లో నాకు కనిపించిన ఇంకో రెండు విషయాలు. జీఎస్టీ 13.8 శాతం వేశారు. అది పాత లెక్క. సోలార్ సామగ్రి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతం అయింది. బిగింపు పనితో కలిపి ఇచ్చే కాంట్రాక్టులో పని కింద లెక్కించే ముప్పై శాతం మీద పడే 18 శాతం కలిపినా 8.9 దాటకూడదు. మీ లక్షా 95 వేలలో ఆ తేడా ఒక్కటే 8 వేల పైమాట. పొరపాటో, తెలివో నాకు అనవసరం, తగ్గించమనండి.

రెండోది, ప్యానెళ్ల కంపెనీ పేరు లేదు, 'డీసీఆర్' అన్న మాట లేదు. సెల్, ప్యానెల్ రెండూ మన దేశంలో తయారైతేనే ఆ ముద్ర వస్తుంది, ఆ ముద్ర ఉంటేనే సబ్సిడీ వస్తుంది. దిగుమతి సెల్స్‌తో చేసినవి చౌక కాబట్టి కొటేషన్‌లో పేరు రాయకుండా వదిలేసి, చివర్లో ఏదో ఒకటి తెచ్చి బిగించే వాళ్లున్నారు. కంపెనీ, మోడల్, వాట్లు, ఇన్వర్టర్ కంపెనీ, వారంటీ ఏళ్లు అన్నీ రాసిన కొటేషన్ మీదే మాట్లాడండి. సూర్యఘర్ పోర్టల్‌లో నమోదైన వెండరేనా అన్నది కూడా అందులోనే చూసుకోవచ్చు. అలా నమోదైనవాళ్లు ఐదేళ్ల పాటు మెయింటెనెన్స్ చూడాలి.

కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. 10 కిలోవాట్ల లోపు అయితే డిస్కం నుంచి ముందస్తు సాంకేతిక పరిశీలన కూడా అక్కర్లేదు, దరఖాస్తు ఆమోదించినట్టే లెక్క. అంతా బిగించాక మీటరు మార్చి ప్రారంభించడానికి డిస్కంకు 15 రోజుల గడువు ఉంది. 2024లో మార్చిన నిబంధనలు ఇవి. వెండర్‌కు డబ్బు మాత్రం ఒకేసారి ఇవ్వకండి. సామగ్రి డాబా మీదికి వచ్చాక కొంత, బిగించాక కొంత, నెట్ మీటరు తిరగడం మొదలయ్యాక చివరి వాయిదా.

ఎర్తింగ్ దగ్గర కక్కుర్తి పడనివ్వకండి. పిడుగు నుంచి కాపాడే కడ్డీకి ఒకటి, ప్యానెళ్ల వైపు ఒకటి, ఇంటి కరెంటు వైపు ఒకటి, మొత్తం మూడు గుంతలు విడివిడిగా ఉండాలి. మూడింటినీ ఒకే గుంతలో కలిపేస్తామంటే ఒప్పుకోకండి.

పెట్టించాక పని తక్కువే. రెండు మూడు వారాలకోసారి తెల్లారి గానీ సాయంత్రం గానీ నీళ్లతో కడిగి మెత్తటి బట్టతో తుడవాలి. కాగిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్ల మరకలు కడతాయి, మున్సిపల్ నీళ్లు వాడండి. మీరు ఎక్కకండి, ఎవరికైనా చెప్పండి.

మీ అబ్బాయి హైదరాబాద్ లెక్కలు చెప్తూ ఉంటే అవి మీకు వర్తించవని చెప్పండి. తెలంగాణలో స్లాబులు వేరు. అక్కడ నెలకు 200 దాటితే మొదటి 200 యూనిట్లకు కూడా 5 రూపాయల 10 పైసల ధర పడుతుంది. 210 యూనిట్లకు కరెంటు ఖరీదు 1,097 అయితే 195 యూనిట్లకు 796 రూపాయలే. 200 గీత కిందికి దిగితేనే అసలు లాభం కాబట్టి అక్కడ ఒక్క కిలోవాటు కూడా పెద్ద తేడా తెస్తుంది. అదే గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితంగా వస్తున్న ఇంటికైతే సోలార్‌తో పనే లేదు. మీ అబ్బాయి ఉండేది అపార్ట్‌మెంట్ అయితే డాబా అందరిదీ. లిఫ్టు, మోటార్లు, కారిడార్ లైట్ల కోసం అసోసియేషన్ పెట్టుకుంటే కిలోవాటుకు 18 వేల చొప్పున సబ్సిడీ ఉంది. మీకు రోజూ చెప్తున్న మాట ఆయన తన అసోసియేషన్ మీటింగ్‌లో ఒకసారి చెప్తే బాగుంటుంది.

మీరు మాత్రం ముందు పేరు మార్పు దరఖాస్తు పెట్టండి. అది అయ్యేలోపు నాలుగు ప్యానెళ్లకు, 50 మీటర్ల గాలికి, డీసీఆర్ ముద్రతో, 8.9 శాతం జీఎస్టీతో కొటేషన్లు తెప్పించుకోండి. వాటిలో ఏది తేల్చుకోవాలో సందేహం వస్తే మూడూ నాకు పంపండి.